బ్రేకుల్లేని బండి, పదిహేను హీట్ల పోరు

ఈ బండికి బ్రేకులుండవు. ముందు చక్రానికీ లేవు, వెనక చక్రానికీ లేవు. గేరు ఒక్కటే కాబట్టి మార్చే పనే లేదు. ఇంజను 500 సీసీ, ఒకే సిలిండరు. తాగేది పెట్రోలు కాదు, మిథనాల్. బరువు 77 కిలోలకు తగ్గకూడదని నిబంధన ఉంది. అంటే మన వీధుల్లో తిరిగే 100 సీసీ బళ్లకన్నా తేలికే. నిలబడ్డ చోటు నుంచి మూడు సెకన్లు తిరక్కముందే వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అలాంటి బళ్ల మీద నలుగురు మట్టి ట్రాక్‌పై నాలుగు చుట్లు కొడతారు. నిమిషానికి అటూ ఇటూగా ఒక హీట్ అయిపోతుంది. ఇదే స్పీడ్‌వే.

ఈ ఆట గురించి రాసేవాళ్లు ఎక్కువగా ప్రపంచ చాంపియన్ల దగ్గరే ఆగిపోతారు. దీని ప్రాణం మాత్రం లీగుల్లో ఉంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పోలండ్, ఇంగ్లండ్, స్వీడన్ దేశాల్లోని చిన్న పట్టణాలు వారం వారం తమ జట్టు కోసం గొంతు చించుకునే ఆట ఇది. ఆ లీగుల చుట్టూ పోగైన విశేషాల్లో కొన్ని ఇవి.

ఎడమకే మలుపు

పోటీ ఎప్పుడూ గడియారం ముల్లు తిరిగే దిక్కుకు వ్యతిరేకంగానే సాగుతుంది. మలుపు దగ్గర రైడరు బండి వెనక చక్రాన్ని కావాలనే జారనిస్తాడు. అప్పుడు ముందు చక్రం కుడికి తిరిగి ఉంటుంది, బండి ఎడమకు పోతుంటుంది. మొదటిసారి చూసేవాళ్లకు అతను పడిపోతున్నాడేమో అనిపిస్తుంది. నిజానికి వేగం తగ్గించుకునేదీ, దారి మళ్లించుకునేదీ ఆ జారుడుతోనే. పగ్గాలన్నీ కుడిచేతి థ్రాటిల్‌లో ఉన్నాయి.

ఎడమ కాలి బూటు కింద ఉక్కు తొడుగు ఉంటుంది. మలుపులో ఆ కాలు నేల మీద రాసుకుంటూ పోవాలి కదా, మామూలు బూటైతే ఒక్క సాయంత్రం కూడా నిలవదు. 1920లలో చాలామంది ఎడమ కాలిని వెనక్కి ఈడ్చుకుంటూ తోలేవారు. ఫొటోల్లో అది ఇప్పటికీ అందంగా కనిపిస్తుంది. కాలు ముందుకు చాచి తోలేవాళ్లు వాళ్లను దాటిపోవడం మొదలయ్యాక ఆ అందం తెరమరుగైంది.

రైడరు మణికట్టుకూ ఇంజను స్విచ్చికీ మధ్య ఒక తాడు ఉంటుంది. మనిషి పడితే తాడు ఊడుతుంది, ఇంజను ఆగుతుంది. మిథనాల్ మంట పగటి వెలుగులో కంటికి ఆనదు కాబట్టి పిట్స్‌లో, అంటే బళ్లు సిద్ధం చేసే చోట, మెకానిక్కులు ఇంధనం దగ్గర చాలా జాగ్రత్తగా ఉంటారు.

టేపు తాకితే

ప్రారంభ గీత దగ్గర అడ్డంగా సాగదీసిన టేపులు కట్టి ఉంటాయి. రిఫరీ మీట నొక్కగానే అవి పైకి లేస్తాయి. ముందే కదిలి టేపును తాకినవాడు ఆ హీట్ నుంచి అవుట్. బ్రిటన్‌లో అతనికి ఇంకో దారి ఇచ్చారు, 15 మీటర్లు వెనక నుంచి బయల్దేరవచ్చు. పిట్స్ నుంచి రెండు నిమిషాల్లో గీత దగ్గరికి రాకపోయినా అవుటే.

తొలి మలుపు ముందుగా చేరినవాడిని దాటడం చాలా కష్టం. అందుకే టేపు లేచే ఆ అర సెకను కోసం రైడర్లు ఏళ్ల తరబడి సాధన చేస్తారు. ఆ టేపు యంత్రమే మొరాయిస్తే ఏమవుతుందో 2015 ఏప్రిల్‌లో వార్సా జాతీయ స్టేడియంలో యాభై వేల మందికి పైగా చూశారు. అది ప్రపంచ చాంపియన్‌షిప్ రౌండు. ట్రాక్ సరిగా కుదరలేదు, స్టార్టింగ్ గేటు పనిచేయలేదు. పన్నెండు హీట్ల తర్వాత పోటీని ఆపేశారు.

బండి ఆగినా మనిషి ఆగడు

ముగ్గురు గమ్యం చేరాక, నాలుగోవాడి ఇంజను సగం దారిలో ఆగిపోతే అతనికి పాయింటు ఏమీ రాదు. అదే ముందున్న ముగ్గురిలో ఒకరు పడిపోయి తప్పుకున్నారనుకోండి, మూడో స్థానం ఖాళీగా ఉంటుంది. దానికి ఒక పాయింటు. అప్పుడు రైడరు దిగి, బండిని రెండు చేతులా తోసుకుంటూ గీత దాటిస్తాడు. వేగం కోసం వచ్చిన జనం నడక వేగంతో సాగే ఆ దృశ్యానికి లేచి నిలబడి చప్పట్లు కొడతారు. ఆ ఒక్క పాయింటుతో మ్యాచ్ తేలిన సందర్భాలు ఉంటాయి మరి.

నలభై ఆరు

గెలిచినవాడికి 3 పాయింట్లు, రెండోవాడికి 2, మూడోవాడికి 1, చివరివాడికి సున్నా. ఒక్కో హీట్‌లో ఇరు జట్ల నుంచి ఇద్దరేసి ఉంటారు. మ్యాచ్‌కు పదిహేను హీట్లు. అంటే పంచుకోవలసినవి 90 పాయింట్లు, 46 చేరితే గెలుపు. 45–45తో సమంగా ముగిసే మ్యాచ్‌లూ ఉంటాయి. స్కోర్ల భాషంతా ఈ లెక్కలోంచే పుట్టింది. ఇద్దరూ ముందు వస్తే 5–1, మొదటి, మూడో స్థానాలు దక్కితే 4–2, లేదంటే 3–3. వరసగా రెండు 5–1లు పడితే ఎనిమిది పాయింట్ల తేడా తెరుచుకుంటుంది.

హెల్మెట్ల మీద రంగు తొడుగులుంటాయి: ఎరుపు, నీలం, తెలుపు, పసుపు. మట్టి కొట్టుకుపోయిన దుస్తుల్లో ఎవరు ఎవరో పోల్చుకునేది వాటితోనే.

తన వెనక తనవాడు

ఈ లీగ్ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చింది బోనస్ పాయింటు. దాన్ని కాస్త విడమరిచి చెప్పాలి.

స్పీడ్‌వే రైడరు జీతగాడు కాదు. సొంత వ్యాపారి. బళ్లు తనవి, ఇంజన్లు తనవి, వ్యాను తనది, మెకానిక్కులకు కూలి ఇచ్చేదీ తనే. క్లబ్బు అతనికి ప్రధానంగా పాయింటుకు ఇంత అని లెక్క కడుతుంది. మరి తన జట్టువాడు ముందు పోతుంటే వెనక వస్తున్నవాడు ఏం చేయాలి? దాటితే తనకు ఒక పాయింటు, దాని డబ్బు వస్తాయి. కానీ దాటబోయి ఇద్దరూ తడబడితే వెనకున్న ప్రత్యర్థి సందు చూసుకుని దూరిపోతాడు, జట్టు నష్టపోతుంది. అందుకని పాత రోజుల్లోనే ఒక ఉపాయం కనిపెట్టారు. ప్రత్యర్థిని వెనక ఉంచి, తన జట్టువాడి వెంటే గీత దాటినవాడికి ఒక బోనస్ పాయింటు ఇస్తారు. అది జట్టు స్కోరులో కలవదు. రైడరు సగటులో కలుస్తుంది, జేబులో కలుస్తుంది.

దీని ఫలితం ట్రాక్ మీద కనిపిస్తుంది. ముందున్నవాడు వెనక్కి తిరిగి చూస్తాడు. తనవాడు ఎక్కడున్నాడో కనిపెట్టి, కాస్త వేగం తగ్గించి, బయటి దారిని తను మూసి, లోపలి దారిని అతనికి అప్పగిస్తాడు. ఇద్దరూ హ్యాండిల్‌కు హ్యాండిల్ ఆనించి రెండు చుట్లు అలాగే పోతారు, వెనకున్న ప్రత్యర్థికి దారి దొరకదు. బ్రేకుల్లేని బండి మీద గంటకు వంద కిలోమీటర్ల వేగంలో పక్కవాడి కోసం నెమ్మదించడం అంటే ఎంత అదుపు కావాలో ఆలోచించండి. ఇద్దరు పోటీదారులను ఒక జంటగా మార్చే ఇంత తెలివైన నియమం మరే మోటారు పందెంలోనూ నాకు కనబడలేదు.

అయిదు హీట్లూ గెలిచిన రైడరుకు 15 పాయింట్లు. 13 పాయింట్లకు 2 బోనస్‌లు కలిసినా అది పూర్తి మార్కుల కిందే లెక్క. అభిమానులు రెంటినీ వేర్వేరుగా గుర్తుపెట్టుకుంటారు.

ఆరు నిమిషాల పనికి అంత ప్రయాణం

పేరున్న రైడరు మ్యాచ్‌లో అయిదారు హీట్లు తోలుతాడు. అంటే అతని అసలు పని అయిదారు నిమిషాలు. ఇప్పుడు అతని వారం చూడండి. ఇటీవలి ఏళ్లలో బ్రిటన్ లీగ్ మ్యాచ్‌లు ఎక్కువగా సోమ, గురువారాల్లో, స్వీడన్‌వి మంగళవారం, డెన్మార్క్‌వి బుధవారం, పోలండ్ మొదటి శ్రేణి లీగ్‌వి శుక్ర, ఆదివారాల్లో జరుగుతున్నాయి. మిగిలిన శనివారం ప్రపంచ చాంపియన్‌షిప్ గ్రాండ్ ప్రిలకు. ఒకే మనిషి ఒకే సీజన్లో రెండు మూడు దేశాల జట్లకు ఆడటం ఇక్కడ మామూలు సంగతి. ఒక్కో దేశంలో ఒక్కో వ్యాను, ఒక్కో జత బళ్లు, ఒక్కో మెకానిక్ బృందం ఉంచుకుంటారు. రైడరు విమానంలో వస్తాడు, బళ్లు రోడ్డు మీద వస్తాయి.

దీంతో విచిత్రమైన బంధుత్వాలు ఏర్పడతాయి. ఇంగ్లండ్‌కు చెందిన డాన్ బ్యూలీ, ఆస్ట్రేలియాకు చెందిన బ్రేడీ కర్ట్జ్ 2025లో మాంచెస్టర్ జట్టులోనూ కలిసి తోలారు, పోలండ్‌లోని వ్రొత్స్వాఫ్ జట్టులోనూ కలిసి తోలారు. శనివారం గ్రాండ్ ప్రిలో మాత్రం ఒకరికొకరు ప్రత్యర్థులు.

వ్యవసాయ ప్రదర్శనలో పుట్టి

మట్టి ట్రాక్‌ల మీద బళ్ల పందేలు అంతకుముందూ ఉన్నాయి. అయినా ఈ ఆట పుట్టుక అనగానే అందరూ చెప్పేది ఆస్ట్రేలియాలోని వెస్ట్ మెయిట్‌లాండ్, 1923 డిసెంబరు 15. అక్కడి వ్యవసాయ ప్రదర్శన మైదానంలో విద్యుద్దీపాల వెలుగులో పోటీ పెట్టించినవాడు న్యూజిలాండ్‌లో పుట్టిన జానీ హాస్కిన్స్.

నాలుగేళ్లు తిరిగాక ఆట ఇంగ్లండ్ చేరింది. 1928 ఫిబ్రవరి 19న లండన్ శివార్లలోని ఎపింగ్ అడవిలో, హై బీచ్ అనే చోట పోటీ పెట్టారు. నిర్వాహకులు కొన్ని వేల మంది వస్తారనుకుంటే దాదాపు ముప్ఫై వేల మంది వచ్చారని అంచనా. నిలబడటానికి చోటు లేక ట్రాక్ లోపలి భాగంలోకి కూడా జనం చేరారు. మరుసటి ఏడాదే, 1929లో, లీగులు మొదలయ్యాయి. అభిమానం ముందు, నియమాలు తర్వాత వచ్చిన ఆట ఇది.

ఆ 1929 నాటి జట్లలో మాంచెస్టర్‌కు చెందిన బెల్ వ్యూ ఏసెస్ ఇప్పటికీ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో దేశమంతా ట్రాక్‌లు మూతపడ్డా అక్కడి హైడ్ రోడ్‌లో పోటీలు ఆగలేదు. 2016లో ఈ జట్టు కోసం మాంచెస్టర్‌లో జాతీయ స్పీడ్‌వే స్టేడియం కట్టారు. ప్రారంభోత్సవం రోజున జనమంతా వచ్చి కూర్చున్నాక ట్రాక్ తోలడానికి పనికిరాదని తేలి, పోటీ రద్దయింది. అక్కడి మట్టి కుదురుకోవడానికి కొన్ని వారాలు పట్టింది. ఇప్పుడు ఇంగ్లండ్‌లో మంచి పందెం చూడాలంటే చాలామంది అక్కడికే వెళ్లమంటారు.

మహిళలు తొలి రోజుల నుంచే ఉన్నారు. ఐర్లండ్‌కు చెందిన ఫే టేలర్ 1928, 29లలో మగవాళ్లను ఓడించి పేరు తెచ్చుకుంది. 1930లో బ్రిటన్ స్పీడ్‌వే పోటీల నుంచి మహిళలను నిషేధించారు. ఆమె కార్ల పందేలకు మళ్లి అక్కడా గెలిచింది. ఆ నిషేధం ఈ ఆట చరిత్రలో పెద్ద మచ్చ.

అన్నీ గెలిచి ఓడినవాడు

1936లో వెంబ్లీలో జరిగిన తొలి ప్రపంచ ఫైనల్లో ఆస్ట్రేలియా రైడరు బ్లూయీ విల్కిన్సన్ తన అయిదు హీట్లూ గెలిచాడు. అయినా చాంపియన్ కాలేదు. ముందు రౌండ్లలో తెచ్చుకున్న పాయింట్లను ఫైనల్ లెక్కలో కలపడమే కారణం. విల్కిన్సన్‌కు మొత్తం 25 వస్తే, లయనెల్ వాన్ ప్రాగ్, ఎరిక్ లాంగ్టన్‌లకు చెరో 26 వచ్చాయి. వాళ్లిద్దరి మధ్య విడిగా పెట్టిన పందెంలో వాన్ ప్రాగ్ గెలిచాడు. విల్కిన్సన్ రెండేళ్ల తర్వాత, 1938లో, ఆ కిరీటం అందుకున్నాడు.

వాన్ ప్రాగ్ కథ అక్కడితో అయిపోలేదు. యుద్ధంలో ఆస్ట్రేలియా వైమానిక దళంలో చేరాడు. 1942లో అతని విమానం సముద్రంలో కూలింది. గాయపడ్డ సహచరులను కాపాడుకుంటూ ముప్ఫై గంటలు నీళ్లలో గడిపి ఒడ్డుకు చేర్చినందుకు జార్జ్ మెడల్ ఇచ్చారు.

ఆముదం వాసన, మైసూరు చుట్టరికం

పాతతరం అభిమానులను స్పీడ్‌వే అనగానే ఏం గుర్తొస్తుందని అడిగితే చాలామంది చెప్పేది ఒక వాసన. ఇంజను ఆయిల్‌గా అప్పట్లో ఆముదం ఆధారంగా చేసిన నూనె వాడేవారు. మిథనాల్‌తో ఆముదం చక్కగా పనిచేస్తుంది. కాలుతున్న ఆముదం వాసన, తడి మట్టి వాసన కలిసి స్టేడియం బయటి వీధి దాకా వచ్చేవి. ఆముదం పండే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల వాళ్లకు ఆ వాసనలో సగం చప్పున తెలిసిపోతుంది.

ఇంకో చుట్టరికం ఉంది. ఒకప్పుడు మన ఊళ్లలో డబుడబుమంటూ తిరిగిన జావా, ఆ తర్వాత వచ్చిన యెజ్డి బళ్లను మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం తయారు చేసేది. 1961లో మొదలైన ఆ కర్మాగారం 1996లో మూతపడింది. దాని మూలం చెకొస్లొవేకియాలోని జావా కంపెనీ. అదే దేశంలో దివిషోవ్ అనే చిన్న ఊళ్లో ఎసో అనే సంస్థ స్పీడ్‌వే బళ్లు చేసేది. 1964లో అది జావాలో కలిసిపోయింది. అంతకుముందు దశాబ్దాలలో ట్రాక్‌ను ఏలిన లండన్ ‘జాప్’ ఇంజన్లను దివిషోవ్ బళ్లు పక్కకు నెట్టాయి. ఆరుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన న్యూజిలాండ్ రైడరు ఐవన్ మేజర్ తన కిరీటాల్లో కొన్నిటిని జావా మీదే గెలిచాడు. మన నాన్నలు కిక్ కొట్టిన బండి ట్యాంకు మీదా, మేజర్ తోలిన బండి ట్యాంకు మీదా ఉన్నది ఆ పేరే. ఇప్పుడు ఎక్కువమంది వాడేది ఇటలీలో తయారయ్యే జీఎం ఇంజను. దానిపై తొలి ప్రపంచ టైటిల్ 1983లో జర్మనీకి చెందిన ఎగోన్ ముల్లర్ గెలిచాడు.

కర్మాగారాలు కట్టిన జట్లు

ఇక పోలండ్. ఇప్పుడు స్పీడ్‌వేకు రాజధాని ఇదే. లీగ్ 1948లో మొదలైంది. 2000 నుంచి దాని మొదటి శ్రేణిని ఎక్స్‌ట్రాలీగా అంటున్నారు. ఎనిమిది జట్లు ఉంటాయి, ఒక్కోటి మిగతా ఏడింటితో సొంతగడ్డపైనా, బయటా ఆడుతుంది. అలా పద్నాలుగు రౌండ్లయ్యాక ప్లేఆఫ్‌లు. మ్యాచ్ గెలిస్తే 2 పాయింట్లు. రెండు మ్యాచ్‌ల మొత్తం స్కోరులో పైచేయి సాధించిన జట్టుకు ఇంకొకటి అదనం. అందుకే ఓటమి ఖాయమైన మ్యాచ్‌లోనూ చివరి హీట్ దాకా పాకులాట ఆగదు. ప్రతి జట్టులో కుర్రాళ్లు తప్పనిసరి, రెండో హీట్ పూర్తిగా వాళ్లదే.

జట్ల పేర్లు చూస్తే ఒక కాలం కళ్ల ముందు నిలుస్తుంది. జెలోనా గూరా జట్టు ఫలుబాజ్ పేరు పత్తి ఏకే యంత్రాల కర్మాగారానిది. తోరుణ్ జట్టు అపాతోర్ పేరు కరెంటు మీటర్ల సంస్థది. రిబ్నిక్ జట్టుది బొగ్గు గనుల ప్రాంతం పేరు, చెన్‌స్తొఖోవా జట్టుది నేతపనివాళ్ల పేరు. సాయంత్రం షిఫ్టు దిగి నేరుగా స్టేడియానికి వచ్చిన కార్మికులు పెంచిన జట్లు ఇవి. తోరుణ్, లెష్నో, గోజూఫ్, జెలోనా గూరా — వీటిలో దేనికీ పై స్థాయి ఫుట్‌బాల్ జట్టు లేదు. ఊరి పరువంతా ఈ బళ్ల మీదే ఉంటుంది.

గోజూఫ్, జెలోనా గూరా ఒకే రాష్ట్రంలో ఉన్నాయి. ఆ రాష్ట్రానికి రాజధానులు రెండు. కేంద్ర ప్రభుత్వ ప్రతినిధి ఉండేది గోజూఫ్‌లో, శాసనసభ కూర్చునేది జెలోనా గూరాలో. రాజధాని హోదాను సగం సగం పంచుకున్న ఊళ్ల మధ్య డెర్బీ అంటే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

లెష్నో జనాభా అరవై వేల చిల్లర. ఆ ఊరి యూనియా జట్టు 18 సార్లు దేశ చాంపియన్, ఇంకే జట్టూ దాని దరిదాపుల్లోకి రాలేదు. 1949 నుంచి 54 దాకా వరసగా ఆరు, మళ్లీ 2017 నుంచి 2020 దాకా వరసగా నాలుగు టైటిళ్లు గెలిచింది. వాళ్ల స్టేడియానికి ఆల్ఫ్రెడ్ స్మోచిక్ పేరు పెట్టారు. 1949లో పోలండ్ చాంపియన్ అయిన అతను మరుసటి ఏడాదే, 22 ఏళ్లు నిండకముందే, మోటారు సైకిల్ ప్రమాదంలో చనిపోయాడు.

తోరుణ్ కోపర్నికస్ పుట్టిన ఊరు. అక్కడ 2009లో తెరిచిన మోటోఅరేనాలో కూర్చునే స్థలమంతటికీ పైకప్పు ఉంది. ప్రత్యేకంగా స్పీడ్‌వే కోసమే అలా కట్టిన స్టేడియం అది. అది ఉన్న వీధి పేరు పేర్ జాన్సన్ వీధి. స్వీడన్‌కు చెందిన ఆ 1990 ప్రపంచ చాంపియన్ తోరుణ్ జట్టుకు ఆడుతూ 1994లో ప్రమాదానికి గురై మళ్లీ నడవలేకపోయాడు. పరాయి దేశం నుంచి వచ్చిన ఆటగాడి పేరును ఒక ఊరు తన చిరునామాలోనే రాసుకుంది.

1973లో ఖోజూఫ్‌లో జరిగిన ప్రపంచ ఫైనల్‌కు లక్ష మందికి పైగా వచ్చారు. ఆ రోజు యెజీ ష్చాకెల్ అనే పెద్దగా పేరులేని పోలండ్ రైడరు పాయింట్లలో ఐవన్ మేజర్‌తో సమంగా నిలిచాడు. ఇద్దరి మధ్య విడిగా పెట్టిన పందెంలో మేజర్ పడిపోయాడు. పోలండ్‌కు ష్చాకెల్ తొలి ప్రపంచ చాంపియన్. రెండో చాంపియన్ తొమాష్ గోలోబ్ కోసం 2010 దాకా ఎదురుచూడాల్సి వచ్చింది.

గడవని సీజన్లు

2013 పోలండ్ లీగ్ ఫైనల్లోని రెండు మ్యాచ్‌లలో రెండోది జెలోనా గూరాలో. ముందు రాత్రే స్టాక్‌హోమ్ గ్రాండ్ ప్రిలో తోరుణ్ జట్టు స్టార్ గోలోబ్ గాయపడ్డాడు. మరో స్టార్ అప్పటికే గాయంతో దూరమయ్యాడు. తోరుణ్ జట్టు స్టేడియం దాకా వచ్చి, పోటీ మొదలవకముందే వెనుదిరిగి వెళ్లిపోయింది. స్టేడియం నిండా జనం, ట్రాక్ మీద ఒక్కటే జట్టు. టైటిల్ ఫలుబాజ్‌కు దక్కింది. తోరుణ్‌కు జరిమానాతోపాటు తర్వాతి సీజన్ మైనస్ పాయింట్లతో మొదలుపెట్టాల్సిన శిక్ష పడింది. గాయాలు ఎంత నిజమైనా, టికెట్టు కొని వచ్చిన జనం ముందు నుంచి వెళ్లిపోవడాన్ని సమర్థించలేం.

2020లో కోవిడ్ వల్ల సీజన్ జూన్‌లో మొదలైంది. 2022లో యుక్రెయిన్ మీద దాడి తర్వాత రష్యా రైడర్లపై నిషేధం పడింది. అంతకుముందు ఏడాది ప్రపంచ చాంపియన్ అయిన ఆర్తెమ్ లగూతా, మరో రష్యా రైడరు ఎమిల్ సైఫుత్దినోవ్ ఇద్దరూ ఆ ఏడంతా ఇంట్లోనే ఉన్నారు. మరుసటి ఏడాది పోలండ్ లైసెన్సుతో లీగులోకి తిరిగొచ్చారు.

ఆ మధ్యలో లుబ్లిన్ లేచింది. అంతవరకు ఒక్క టైటిలూ లేని మోటోర్ లుబ్లిన్ 2022, 2023, 2024లలో వరసగా మూడు గెలిచింది. 2023లో గోజూఫ్ ముద్దుబిడ్డ బార్తోష్ జ్మార్జ్లిక్ కూడా వాళ్ల పక్షానికే వచ్చాడు. అదే ఏడాది సెప్టెంబరులో డెన్మార్క్‌లోని వోయెన్స్ గ్రాండ్ ప్రిలో నిర్దేశించిన రేస్ సూటు కాకుండా వేరేది వేసుకుని క్వాలిఫయింగ్‌లో తోలినందుకు అతన్ని పోటీ నుంచే తప్పించారు. భారీ ఆధిక్యం ఒక్క రాత్రిలో కరిగిపోయినా, చివరి రౌండులో ప్రపంచ కిరీటం నిలబెట్టుకున్నాడు.

2025 సీజన్ అయితే రెండు వైపులా ఉత్కంఠే. శనివారాల్లో జ్మార్జ్లిక్, బ్రేడీ కర్ట్జ్ పోరు చివరి రౌండు దాకా సాగి, ఒకే ఒక్క పాయింటు తేడాతో జ్మార్జ్లిక్‌కు ఆరో ప్రపంచ టైటిల్ దక్కింది. మేజర్, స్వీడన్‌కు చెందిన టోనీ రికార్డ్‌సన్ సరసన నిలిచాడు. లీగ్ ఫైనల్లో మాత్రం అతని లుబ్లిన్ ఓడింది. నాలుగో టైటిల్ ఆశను అడ్డుకున్నది తోరుణ్. 2008 తర్వాత ఆ ఊరికి దక్కిన తొలి కిరీటం అది. విజేత జట్టులో సైఫుత్దినోవ్ ఉన్నాడు.

బలవంతుణ్ణి విడగొట్టే నియమం

బ్రిటన్ లీగుకు పోలండ్‌లా డబ్బు లేదు. అక్కడ జట్లను సమానంగా ఉంచడానికి సగటుల మీద పరిమితి పెట్టారు. ప్రతి రైడరుకు నాలుగు హీట్లకు ఎన్ని పాయింట్లు అనే సగటు ఉంటుంది, గరిష్ఠం 12. కొత్త సీజన్‌కు జట్టు కట్టేటప్పుడు అందరి సగటుల మొత్తం నిర్ణయించిన అంకె దాటకూడదు. బాగా ఆడితే సగటులు పెరుగుతాయి. పెరిగితే పరిమితి దాటుతుంది. అంటే చాంపియన్ జట్టు మరుసటి ఏడాది చెదిరిపోక తప్పదు. అభిమానులకు ఇది ఏటా గుండెకోతే. అయినా చిన్న క్లబ్బులు బతికి ఉన్నాయంటే ఈ నియమం పుణ్యం కొంత ఉంది.

రైడరు గాయపడితే వేరే క్లబ్బు నుంచి అతిథి రైడరును ఒక్క రాత్రికి తెచ్చుకోవచ్చు. నిన్న తమ జట్టును ఓడించినవాడికే ఈరోజు చప్పట్లు కొట్టాలి.

2021లో పీటర్‌బరో పాంథర్స్ వయసు మళ్లినవాళ్లతో జట్టు కట్టింది. స్కాట్ నికల్స్, క్రిస్ హారిస్, హాన్స్ ఆండర్సన్, బ్యార్నె పెడర్సన్ అందరూ నలభై దగ్గర్లో ఉన్నవాళ్లో, దాటినవాళ్లో. ‘నాన్నల సేన’ అని పేరు పెట్టారు. ఆ సేనే టైటిల్ గెలిచింది. రెండేళ్లకు 2023లో ఆ క్లబ్బు సొంత ట్రాక్‌ను పోగొట్టుకుంది, స్థలం వేరే పనులకు పోయింది. వుల్వర్‌హాంప్టన్‌లో మాన్‌మోర్ గ్రీన్‌దీ అదే ఏడాది అదే కథ. అంతకు చాలా ముందే, పలువురు ప్రపంచ చాంపియన్లు ఆడిన క్రాడ్లీ హీత్ క్లబ్బు 1995 సీజన్ తర్వాత తన డడ్లీ వుడ్ స్టేడియం కోల్పోయింది. బ్రిటన్‌లో ఈ ఆటను దెబ్బతీస్తున్నది అభిమానం తగ్గడం కన్నా భూమి ధర పెరగడమే అనిపిస్తుంది.

వేడికీ వేగానికీ ఒకే ఊరు

స్వీడన్‌లో మాలిల్లా అనే ఊళ్లో ఉండేది పదిహేను వందల మంది. దాకార్నా జట్టు సొంతూరు అది. ప్రపంచ గ్రాండ్ ప్రిలు కూడా ఆ ట్రాక్ మీద జరుగుతాయి, ఊరి జనాభాకు ఎన్నో రెట్ల మంది వస్తారు. స్వీడన్ ఉష్ణోగ్రత రికార్డు అయిన 38 డిగ్రీలు నమోదైన ఊళ్లలో ఇదొకటి, ఇక్కడ అది 1947లో. దాని గుర్తుగా ఊరి నడిబొడ్డున పెద్ద థర్మామీటర్ నిలబెట్టారు. తెలుగు నేల మీద మే నెలలో 38 అంటే చల్లటి రోజే.

కంచెకు గాలి

ఈ ఆట ప్రాణాలు తీసింది. 1955, 62లలో ప్రపంచ చాంపియన్ అయిన పీటర్ క్రేవెన్ 1963లో ఎడిన్‌బరోలో, ముందు పడిపోయిన రైడరును తప్పించబోయి కంచెకు కొట్టుకుని చనిపోయాడు. 2012 మే 13న వ్రొత్స్వాఫ్‌లో లీగ్ మ్యాచ్‌లో ఇంగ్లండ్ రైడరు లీ రిచర్డ్‌సన్ ప్రాణం పోయింది. 2015 ఆగస్టులో జెలోనా గూరాలో, మ్యాచ్ చివరి హీట్‌లో, ఆస్ట్రేలియాకు చెందిన డార్సీ వార్డ్ పడి వెన్నెముక విరగ్గొట్టుకున్నాడు. అప్పటికి అతని వయసు 23. తన తరంలో అంత సహజమైన ప్రతిభ మరొకరికి లేదని తోటి రైడర్లే అనేవారు. మలుపుల దగ్గర గాలి నింపిన కంచెలు ఇప్పుడు పై లీగులన్నిటా ఉన్నాయి. అవి ఎన్నో ఎముకలను కాపాడాయి, అన్నిటినీ కాపాడలేవు.

పెన్సిలు పట్టుకున్న జనం

స్టేడియానికి వచ్చేవాళ్లు ఒక పుస్తకం కొంటారు. అందులో పదిహేను హీట్లకు గడులు గీసి ఉంటాయి. ఒక్కో హీట్ కాగానే స్థానాలు, సమయం, వరస స్కోరు రాసుకుంటారు. పోలండ్‌లో అయితే టేపు తాకితే T, ఇంజను చెడితే D, రిఫరీ తప్పిస్తే W అని గుర్తులు. ప్రతి కొన్ని హీట్లకు ట్రాక్టరు వచ్చి మట్టి సరిచేసి నీళ్లు చల్లుతుంది, ఆ విరామంలో పక్కవాడితో లెక్క సరిచూసుకుంటారు. తాతలు రాసిన పుస్తకాలను మనవలు దాచుకున్న ఇళ్లు ఆ ఊళ్లలో ఎన్నో.

సీజన్ ముగిశాక

అక్టోబరు ముగిసేసరికి ట్రాక్‌లు ఖాళీ. ఇంజన్లు విప్పి ట్యూనర్ల దగ్గరికి పంపిస్తారు. నవంబరులో పోలండ్‌లో బదిలీల గడువు మొదలవుతుంది, ఎవరు ఏ ఊరి చొక్కా వేసుకుంటారో అప్పుడు తేలుతుంది. జనవరిలో ఆస్ట్రేలియా రైడర్లు తమ దేశపు వేసవిలో జాతీయ చాంపియన్‌షిప్ ఆడతారు. మార్చిలో మళ్లీ సాధన మ్యాచ్‌లు, ఏప్రిల్‌లో లీగ్. 2024లో కింది శ్రేణికి జారిన లెష్నో ఒక్క ఏడాదిలోనే గెలిచి, 2026కు మళ్లీ ఎక్స్‌ట్రాలీగాలో చోటు సంపాదించింది.